గడ్డం కుట్టే ముందు చెవి ముందర వేలు పెట్టి చూడండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు,

నేను దవడ, ముఖ శస్త్రచికిత్సలు చేసే వైద్యుడిని. మన రెండు రాష్ట్రాల ఆసుపత్రుల క్యాజువాలిటీల్లో నిత్యం జరిగే ఒక చిన్న పని గురించి మీకు రాస్తున్నాను. ఆడుకుంటూ బోర్లా పడ్డ పిల్లవాడిని చంకనేసుకుని తల్లి పరుగున వస్తుంది. గడ్డం కింద చర్మం చీరుకుపోయి రక్తం కారుతుంటుంది. డ్యూటీ డాక్టరు గాయం కడిగి, మత్తు సూది వేసి, మూడు నాలుగు కుట్లు వేస్తాడు. టీటీ ఇంజెక్షన్ రాస్తాడు. స్పృహ తప్పాడా, వాంతులయ్యాయా అని అడుగుతాడు. అవి అడగాల్సిన ప్రశ్నలే. కుట్లు విప్పించుకోవడానికి వారం తర్వాత రమ్మని చెప్పి పంపుతాడు. ఇంతలో ఎవరైనా ఆ పిల్లవాడి చెవుల ముందర రెండు వేళ్లు ఆనించి “నోరు తెరువు నాన్నా” అన్నారా? చాలాచోట్ల అనరు. అనకపోవడం వల్ల కొందరు పిల్లల నోళ్లు నెలలు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా మూసుకుపోయి, చివరికి అసలు తెరుచుకోకుండా పోతున్నాయి.

ఆ పరీక్షను తప్పనిసరి చేయమని అడగడానికే ఈ లేఖ. అడిగేది చిన్నదే అయినా, ఎందుకు అడుగుతున్నానో అర్థం కావాలంటే చర్మం కింద ఏముందో కాస్త చెప్పాలి.

మీ చూపుడు వేళ్లు రెండింటినీ చెవి రంధ్రాల ముందర ఆనించి, నోరు నెమ్మదిగా తెరవండి. మొదట వేలి కింద ఏదో గుండ్రంగా తిరిగినట్టు తెలుస్తుంది. ఇంకా తెరిస్తే ఆ గుండ్రటిది ముందుకు జారిపోయి, వేలి కింద చిన్న గుంట పడుతుంది. ఆ జారేదే కింది దవడ తల. మేము కాండైల్ అంటాం. పుర్రె అడుగున దానికోసం ఒక పల్లం ఉంది. ఆ రెంటి మధ్యన పలచని బిళ్ల ఒకటి ఉంటుంది. బిళ్ల కింద తల తిరుగుతుంది, బిళ్లతో సహా తల ముందుకు జారుతుంది. పెద్దవాళ్లలో నోరు తెరిచినప్పుడు మొదటి 20, 25 మిల్లీమీటర్లు తిరగడం వల్ల వస్తాయి, మిగతాది జారడం వల్ల. మొత్తం 40 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. కొలబద్ద అక్కర్లేదు. ఎవరి నోట్లో వాళ్ల మూడు వేళ్లు నిలువుగా పడితే సరిపోయినట్టే. పిల్లవాడి నోటికి పిల్లవాడి వేళ్లే కొలత.

ఈ కీలు ఒంట్లోని మిగతా కీళ్లకు భిన్నమైంది. కింది దవడ గడ్డం దగ్గర కలిసిపోయిన ఒకే ఎముక. దానికి అటూ ఇటూ పుర్రెతో రెండు కీళ్లు. ఊయల బల్లకు రెండు పక్కలా తాళ్లు ఉన్నట్టే. ఒక పక్క తాడు బిగుసుకుపోతే రెండో పక్కది ఎంత బాగున్నా ఊయల ఊగదు. ఒక మోకాలు బిగుసుకుపోయినవాడు రెండో కాలి మీద కుంటుతూనైనా నడుస్తాడు. ఒక దవడ కీలు బిగుసుకుంటే మొత్తం నోరే పోతుంది.

ఈ ఎముకను కదిలించే కండరాలు ప్రధానంగా నాలుగు జతలు. జంతిక కొరికినప్పుడు బుగ్గ వెనక భాగంలో గట్టిగా ఉబ్బేది మాసెటర్. అదే సమయంలో కణత మీద కదిలేది టెంపొరాలిస్. అది కణత మీద విసనకర్రలా పరుచుకుని, కిందికి వచ్చేసరికి సన్నబడి, కాండైల్ ముందర ఉండే మరో కొమ్ముకు అతుక్కుంటుంది. దవడకు లోపలి పక్కన, మాసెటర్‌కు జోడుగా ఉండేది మీడియల్ టెరిగాయిడ్. ఈ మూడూ నోరు మూసేవే. నాలుగోది లేటరల్ టెరిగాయిడ్. చిన్నది, బయటి నుంచి చేతికి దొరకనిది. ముఖం లోతుల్లో అడ్డంగా పడుకుని, కాండైల్ మెడకూ మధ్య బిళ్లకూ అతుక్కుని ఉంటుంది. నోరు తెరిచినప్పుడు కాండైల్‌ను ముందుకు లాగేది ఇదే. మూసే కండరాలకు పేరెక్కువ. నా వృత్తిలో మాత్రం ఈ నాలుగోదాని గురించే ఎక్కువ ఆలోచించాల్సి వస్తుంది. ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఈ కండరాలన్నిటికీ ఆజ్ఞలు మోసేది మెదడు నుంచి వచ్చే అయిదో నాడిలోని మూడో శాఖ. పుర్రె అడుగున కోడిగుడ్డు ఆకారపు రంధ్రంలోంచి అది కిందికి దిగుతుంది. గడ్డానికీ, కింది పళ్లకూ, కీలుకూ, చెవి ముందరి చర్మానికీ స్పర్శ ఇచ్చేదీ అదే. కీలుకు దెబ్బ తగిలిన పిల్లవాడు “చెవి నొప్పి” అని ఏడవడానికి కారణం ఇదే. పిల్లవాడి చెవిలో చుక్కలు వేయించుకుని తల్లి వెళ్లిపోతుంది. నాడి దిగే ఆ చోటును, దవడకూ పుర్రెకూ మధ్యనున్న ఆ ఇరుకైన లోతును ఇన్‌ఫ్రాటెంపోరల్ ఫాసా అంటారు. ఎంబీబీఎస్, బీడీఎస్ మొదటి ఏడాది పిల్లలు పరీక్షలో రాకూడదని దండం పెట్టుకునే పాఠం అది. నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేని చోటులో కండరాలు, నాడులు, మాక్సిలరీ ధమని, దాని చుట్టూ సిరల వల. ఆ ధమని కాండైల్ మెడకు సరిగ్గా లోపలి పక్క నుంచే పోతుంది. మెదడు పొరకు రక్తం మోసే కొమ్మ అక్కడే దానిలోంచి చీలి, పుర్రెలోకి ఎక్కుతుంది. సిరల వల పుర్రె లోపలి సిరలతో కలుస్తుంది.

ఇప్పుడు పిల్లవాడు పడ్డాడనుకుందాం. గడప తట్టుకునో, బాత్రూంలో జారో, మంచం మీద ఎగురుతూనో, సైకిలు మీద నుంచో, సంక్రాంతికి మిద్దె మీద గాలిపటం ఎగరేస్తూనో. చేతులు అడ్డం పెట్టుకునే వ్యవధి దొరకదు. గడ్డం నేలకు కొట్టుకుంటుంది. చర్మం చీరేది అక్కడ. కానీ దెబ్బ అక్కడితో ఆగదు. దవడ ఎముక రెండు పక్కల వెంట పైకి ప్రయాణించి కాండైల్ దగ్గర తేలుతుంది. గడ్డం ఎముక మందంగా, గట్టిగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు చెక్కు చెదరదు. కాండైల్ మెడ సన్నన. అదే విరుగుతుంది. ఆ విరగడంలో ఒక మేలు కూడా ఉంది. కాండైల్ కూర్చునే పల్లానికి పైకప్పు పలచని ఎముక. దానికి అవతల మెదడు. మెడ విరిగి దెబ్బను తనలో కలిపేసుకోకపోతే కాండైల్ పుర్రెలోకి దూసుకుపోయేది. అలా జరగడం చాలా అరుదు. మెడే ముందు లొంగిపోవడం దానికి ఒక ముఖ్య కారణం.

పసిపిల్లల సంగతి వేరు. అయిదారేళ్లలోపు పిల్లల కాండైల్ మెడ పొట్టిగా, లావుగా ఉంటుంది. తల మెత్తగా, పలచని పెంకు కింద రక్తంతో నిండిన మూలుగతో ఉంటుంది. దెబ్బకు మెడ విరగదు, తలే నలిగి చితికిపోతుంది. ఎముక ముక్కలు, రక్తం, ఎముకను పుట్టించే కణాలు అన్నీ కీలు సంచిలోనే చిమ్ముకుంటాయి. మధ్య బిళ్ల చిరిగిపోయినా, పక్కకు తొలగిపోయినా పై ఎముకకూ కింది ఎముకకూ నడుమ ఇక అడ్డం ఉండదు. పిల్లవాడికి నొప్పి. నొప్పి కాబట్టి నోరు కదపడు. కదపని కీలులో రక్తం గడ్డకట్టి, నార పట్టి, ఎముకగా మారడం మొదలవుతుంది. ఎముక విరిగితే అతుక్కోవడం శరీర ధర్మం. ఇక్కడ దవడ పుర్రెకు అతుక్కుంటుంది. దాన్నే యాంకిలోసిస్ అంటాం. అందరికీ ఇలా జరగదు. కాండైల్ విరిగిన పిల్లల్లో ఎక్కువమంది బాగుపడతారు. ఎవరు బాగుపడతారో, ఎవరి కీలు ఎముకగా మారుతుందో ఆ రోజు చూసి చెప్పడం ఎవరితరమూ కాదు. అందుకే అందరినీ కనిపెట్టి ఉండాలి.

ఈ దెబ్బను కనిపెట్టడానికి గొప్ప యంత్రాలు అక్కర్లేదు. లేటరల్ టెరిగాయిడ్ గురించి చెబుతానన్నాను కదా. కాండైల్ ఒక పక్క విరిగితే, ఆ పక్క ఈ కండరం విరిగిన ముక్కను మాత్రమే ముందుకూ లోపలికీ లాగేస్తుంది. మిగతా దవడ దాని చేతికి అందదు. రెండో పక్కది మామూలుగానే పనిచేస్తుంది. అందువల్ల నోరు తెరిచినప్పుడు గడ్డం తిన్నగా కిందికి రాకుండా దెబ్బ తగిలిన వైపుకు ఒరుగుతుంది. పిల్లవాడి ఎదురుగా నిలబడి, పై ముందు పళ్ల నడిమి గీతనూ కింది పళ్ల నడిమి గీతనూ చూస్తూ నోరు తెరిపిస్తే చాలు, ఒరగడం కంటికి కనిపిస్తుంది. రెండు పక్కలా విరిగితే ఒరగదు. అప్పుడు వెనక పళ్లు ముందే తగిలి, ముందు పళ్ల మధ్య సందు మిగులుతుంది. నిన్నటి దాకా బిస్కెట్టు కొరికినవాడు కొరకలేకపోతాడు. చెవి ముందర వేలు పెడితే నొప్పి అంటాడు, లేదా వేలి కింద కదలిక తెలియదు. ఒక్కోసారి చెవిలోంచి రక్తం వస్తుంది. కాండైల్ వెనక్కి గుద్దుకుని చెవి గొట్టం ముందు గోడ చిట్లడం వల్ల అది. ఏడుస్తున్న పసివాడు మాట వినడంటారా? ఏడ్చేవాడి నోరు తెరిచే ఉంటుంది. ఎంత తెరుచుకుంది, ఎటు ఒరిగింది అన్నది అప్పుడే చూడొచ్చు.

మరి ఎందుకు చూడరు? డ్యూటీ డాక్టర్లను తిట్టడానికి నేనిది రాయడం లేదు. రాత్రి పదింటికి ఒక పక్క పాముకాటు, ఒక పక్క పురుగుమందు తాగిన మనిషి, బయట 108 వాహనం ఆగిన చప్పుడు. ఆ మధ్యలో గడ్డం చిరిగిన పిల్లవాడు. రక్తం కారే చోటికే చూపు పోతుంది. కీలు దెబ్బకు బయట గాయం ఉండదు, వాపు కూడా పెద్దగా ఉండదు. ఎక్స్‌రే తీసినా మామూలు పుర్రె ఎక్స్‌రేలో కాండైల్ మీద చెవి వెనకనున్న గట్టి ఎముక నీడ పడి విరిగిన చోటు కనబడదు. దవడంతా ఒక్క ఫిల్ములో వచ్చే ఓపీజీగానీ, సీటీగానీ కావాలి. పైగా మొదటి ఏడాది చదివిన ఆ ఇరుకు లోతుల పాఠం హౌస్ సర్జన్ అయ్యేనాటికి ఎవరికీ గుర్తుండదు. ఎవరో ఒక మనిషి మరిచిపోయాడని కాదు. గుర్తు చేసే ఏర్పాటు ఎక్కడా లేదు. ఏర్పాటు చేయగలిగినవాళ్లు మీరు కాబట్టి మీకు రాస్తున్నాను.

ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో ఒక పాప రూపంలో చెబుతాను. తొమ్మిదేళ్లు ఉంటాయేమో. తల్లి వేలు పట్టుకుని ఓపీలోకి వచ్చి, నోరు తెరవమంటే పెదవులు మాత్రం విప్పింది. పై పళ్లు, కింది పళ్లు కలిసే ఉన్నాయి. వాటి మధ్య గోరు కూడా దూరదు. ముందు పన్ను ఒకటి ఊడిన చోట సందు ఉంది. మెత్తగా పిసికిన పెరుగన్నం ఆ సందులోంచి వేలితో లోపలికి తోస్తానని తల్లి చెప్పింది. లోపలి వైపు బ్రష్ పోయే దారి లేదు, పళ్లన్నీ పుచ్చిపోయాయి. పుచ్చిన పన్ను పీకడానికి కూడా నోరు తెరుచుకోదు. రాత్రిళ్లు గురక, ఊపిరి ఆగి ఆగి వస్తుందని, పాప కూర్చుని నిద్రపోతుందని చెప్పింది. గడ్డం వెనక్కి పోయి ఒక పక్కకు ఒరిగి ఉంది. కింద పాత కుట్ల మచ్చ. తల్లి రేషన్ కార్డుతో పాటు ఒక ప్లాస్టిక్ కవరులో దాచిన ఓపీ చీటీ తీసి ఇచ్చింది. మూడేళ్ల వయసులో పడ్డనాటిది. గాయం ఎన్ని సెంటీమీటర్లో, ఎన్ని కుట్లో, ఏ మందో అన్నీ శ్రద్ధగా రాసి ఉన్నాయి. ఆ చేతిరాతలో నిర్లక్ష్యం లేదు. దవడ గురించి ఒక్క మాట లేదు.

ఈ జబ్బులో ముఖం చూసేవాళ్లను మోసం చేస్తుంది. కాండైల్ దెబ్బతిన్న పక్క దవడ పొడవు పెరగదు. గడ్డం ఆ పక్కకే లాగేసినట్టు ఒరుగుతుంది. దాంతో జబ్బున్న బుగ్గ గుండ్రంగా, నిండుగా కనిపిస్తుంది. బాగున్న పక్క సాగి, చదునై, పీక్కుపోయినట్టుంటుంది. తల్లిదండ్రులే కాదు, ఒక్కోసారి డాక్టర్లు కూడా బాగున్న పక్కనే జబ్బు పక్క అనుకుంటారు. రెండు పక్కలా బిగుసుకుంటే గడ్డం అసలు లేనట్టే వెనక్కి పోతుంది. నాలుక వెనక్కి వాలి గొంతు ఇరుకవుతుంది. నిద్రలో ఊపిరి ఆగేది అందుకే. తిండి సరిగా పోక పిల్లలు చిక్కిపోతారు. మాట ముద్దగా వస్తుంది. బడిలో తోటివాళ్లు పేర్లు పెడతారు, ఆ తర్వాత పిల్లలు బడి మానేస్తారు. ఆడపిల్ల అయితే ఇంట్లోవాళ్ల దిగులు మరో రకం, అది మీకు నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

శస్త్రచికిత్స ఉంది. అది కత్తి పట్టకముందే కష్టాలతో మొదలవుతుంది. మత్తు ఇవ్వాలంటే గొంతులో గొట్టం వేయాలి. నోరు తెరుచుకోదు. సన్నని కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి పంపి, దారి చూసుకుంటూ శ్వాసనాళంలోకి చేర్చే మత్తు డాక్టరు కావాలి. ఆ సాధనం, ఆ చేతివాటం అన్ని ఊళ్లలో లేవు. అదీ కుదరకపోతే మెడకు రంధ్రం చేయాల్సిందే. తర్వాత చెవి ముందర కోత. ముఖాన్ని కదిలించే ఏడో నాడి పైకొమ్మలు కణత ఎముకను దాటేది చెవి రంధ్రానికి 8 నుంచి 35 మిల్లీమీటర్ల ముందర అని అల్ కయత్, బ్రామ్లీ అనే పరిశోధకులు 1979లో శవాల మీద కొలిచి చెప్పారు. ఎవరిలో ఎక్కడుంటుందో పై నుంచి తెలియదు. అది తెగితే ఆ పక్క నుదురు ముడవదు, కన్ను గట్టిగా మూతపడదు. దాన్ని కాపాడుకుంటూ లోపలికి పోతే, కీలు ఉండాల్సిన చోట కీలు ఉండదు. పల్లం లేదు, బిళ్ల లేదు, తల లేదు. పుర్రె ఎక్కడ ఆగిందో దవడ ఎక్కడ మొదలైందో తెలియని ఒకే ఎముక గడ్డ. దాన్ని మరతో తొలుస్తూ పోవాలి. అవతలి అంచుకు ఆనుకుని మాక్సిలరీ ధమని. పైన మెదడు పొర. అంగుళం అంగుళం కాదు, మిల్లీమీటరు మిల్లీమీటరు తొలుస్తాం.

గడ్డ తీసేసినంత మాత్రాన నోరు తెరుచుకుంటుందనుకోకండి. ఏళ్ల తరబడి కదలని టెంపొరాలిస్ పొట్టిబడి ఉంటుంది. అది అతుక్కున్న కొమ్ము పొడవుగా సాగిపోయి ఉంటుంది. ఆ కొమ్మునూ కోసి తీయాలి. అప్పటికీ 35 మిల్లీమీటర్లు రాకపోతే రెండో పక్క కొమ్మునూ తీయాలి. కణత కండరం పొరను తిప్పి తెచ్చి ఎముకల మధ్య కొత్త అడ్డంగా కుట్టాలి. పిల్లలకైతే పక్కటెముక ముక్కను దాని మెత్తటి కొసతో సహా తీసి కొత్త కాండైల్‌గా బిగిస్తాం. ఈ క్రమాన్ని లియొనార్డ్ కాబన్ అనే శస్త్రవైద్యుడి బృందం 1990లో అమెరికాలో ప్రకటించింది. ఇప్పటికీ చాలాచోట్ల ఆ దారే. ఆ పక్కటెముక ఒక్కోసారి పెరగదు, ఒక్కోసారి అవసరానికి మించి పెరుగుతుంది. కుట్లు ఆరకముందే పిల్లతో రోజుకు నాలుగైదుసార్లు నొప్పి భరిస్తూ నోరు తెరిచే వ్యాయామం చేయించాలి. నెలల తరబడి. ఊరెళ్లాక అది మానేసిన పిల్లల్లో కీలు మళ్లీ బిగుసుకుంటుంది, మళ్లీ కోత. నోరు తెరుచుకున్నాక కూడా పొట్టిగా ఉండిపోయిన దవడను పొడవు పెంచడానికి మరో ఆపరేషన్. ఒక పిల్ల బాల్యం మొత్తం ఆసుపత్రి మంచాల మీద గడిచిపోతుంది.

దీనికి ఎదురుగా, పడ్డ వారంలోనే కనిపెట్టిన పిల్లవాడికి చేసేది చూడండి. చాలామందికి ఆపరేషనే వద్దు. నొప్పికి మందు, కొద్ది రోజులు జావ, మెత్తటి పప్పన్నం. పళ్లు సరిగ్గా కలవకపోతే దంత వైద్యుడు పైపళ్లకూ కింది పళ్లకూ కొద్ది రోజులు రబ్బర్లు వేస్తాడు. వారం, మహా అయితే పది రోజులు, అంతకు మించి బిగించకూడదు. ఆ తర్వాత నోరు తెరవడమే మందు. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని, ఇవాళ ఎన్ని పట్టాయో, రేపు ఒకటి ఎక్కువ పడుతుందో లేదో చూసుకోవడం. చూయింగ్ గమ్ నమలడం. గట్టిగా పాడటం. నెలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి చూపించుకోవడం. పసిపిల్లల కాండైల్‌కు తనను తాను తిరిగి మలచుకునే శక్తి పెద్దవాళ్లకంటే చాలా ఎక్కువ. వంకరగా అతికిన తల కూడా ఏడాది రెండేళ్లలో మళ్లీ తల ఆకారానికి రావడం ఎక్స్‌రేల్లో చూస్తాం. ఆ శక్తి పనిచేయడానికి కదలిక కావాలి. కదలిక ఉంటే కీలుగా మలుచుకుంటుంది. లేకపోతే ఎముకగా.

ఇక్కడే మన ఇళ్లలోని ప్రేమ అడ్డం వస్తుంది. “దెబ్బ తగిలింది, నోరు కదపనివ్వకండి” అని పెద్దవాళ్లు చెబుతారు. తలకూ గడ్డానికీ కలిపి గుడ్డ కట్టేవాళ్లున్నారు. నెలల తరబడి పాలూ గంజీ మీదనే ఉంచేవాళ్లున్నారు. కాలు విరిగితే కదపకూడదన్నది నిజం కాబట్టి దవడకూ అదే వర్తిస్తుందని అనుకోవడం సహజం. వాళ్లను తప్పుపట్టలేం. వాళ్లకు చెప్పాల్సింది మనం.

అందుకని మంత్రివర్యులారా, నేను కోరేది ఇది. ప్రభుత్వాసుపత్రుల క్యాజువాలిటీ చీటీలో, ముఖానికి దెబ్బ తగిలిన ప్రతి పిల్లవాడికీ ఒక వరుస అచ్చు వేయించండి. నోరు ఎన్ని వేళ్లు తెరుచుకుంది, గడ్డం ఎటైనా ఒరిగిందా, పళ్లు మునుపటిలా కలుస్తున్నాయా. డాక్టరు నింపకుండా ఆ చీటీ ముందుకు కదలకూడదు. అచ్చులో ఖాళీ కనిపిస్తే చేయి దానంతట అదే నింపుతుంది. పేజీ అడుగున తెలుగులో తల్లికి అర్థమయ్యే రెండు మాటలు ఉండాలి. బిడ్డ నోట్లో బిడ్డవే మూడు వేళ్లు పడుతున్నాయో లేదో వారానికోసారి చూసుకోమని, పట్టకపోతే ఆలస్యం చేయకుండా పళ్ల డాక్టరు దగ్గరకు తీసుకురమ్మని.

కుట్లు విప్పడానికి వచ్చిన రోజున ఆ పిల్లవాడిని అదే ఆసుపత్రిలోని దంత వైద్యుడి గదికి పంపాలి. దంత వైద్యుడి పోస్టు ఉన్న ఆసుపత్రుల్లో ఇది ఒక ఆదేశంతో అయ్యే పని. పోస్టు ఖాళీగా ఉన్నచోట భర్తీ చేయమని అడగడం నా హక్కు కూడా. జిల్లా ఆసుపత్రుల్లో ఓపీజీ యంత్రం ఉండాలి, ఉన్నచోట పనిచేయాలి. అనుమానం ఉన్న పిల్లలను హైదరాబాద్, విజయవాడ, కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలలకు నేరుగా పంపే దారి రాసి పెట్టి ఉండాలి. తల్లి ఊరూరా అడుక్కుంటూ తిరిగే పరిస్థితి ఉండకూడదు.

మరొకటి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి వెళ్లి పిల్లలను తల నుంచి కాలి దాకా చూస్తాయి. కళ్లు చూస్తారు, గుండె చప్పుడు వింటారు, పుచ్చుపళ్లు రాసుకుంటారు. పుచ్చుపళ్లు చూడటానికి ఎలాగూ నోరు తెరిపిస్తారు. మూడు వేళ్ల పరీక్షకు అదనంగా పట్టే సమయం కొన్ని సెకన్లు. రెండు వేళ్లు కూడా పట్టని పిల్లను అప్పుడు పట్టుకుంటే ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడకముందే పట్టుకున్నట్టు. చెవిలో చీము ఏళ్ల తరబడి కారే పిల్లలనూ ఈ పరీక్షలో ప్రత్యేకంగా చూడాలి. చెవి చీము పక్కనున్న కీలులోకి పాకి దాన్ని ఇలాగే బిగించేయగలదు.

మీ అధికారులు మీతో ఒక మాట అనవచ్చు. ఇది అరుదైన జబ్బు, దీనికోసం కొత్త నిబంధనలెందుకు అని. డెంగీతో, రక్తహీనతతో పోలిస్తే అరుదే, కాదనను. కానీ అరుదైన జబ్బులన్నీ ఒకటి కాదు. చాలావాటికి నివారణ లేదు, మందు లేదు, ఉన్నా మన అందుబాటులో లేదు. దీనికి నివారణ ఉంది. దానికి మందు కొనక్కర్లేదు, వ్యాక్సిన్ తెప్పించక్కర్లేదు, కొత్త భవనం కట్టక్కర్లేదు. డాక్టరు చేతి వేళ్లు చాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే వైద్యం మేము చేస్తూనే ఉంటాం, చేయాలి కూడా. అయితే ఒక పిల్లకు నేను ఆపరేషన్ గదిలో గంటల తరబడి తీసే ఎముకను, ఆరేళ్ల ముందు ఒక హౌస్ సర్జన్ అర నిమిషంలో పుట్టకుండా ఆపగలిగేవాడు అన్న సంగతి తెలిసి ఊరుకోవడం నావల్ల కావడం లేదు.

ఇంకొందరు, డాక్టర్ల మీద ఇప్పటికే రాత కోతల భారం ఎక్కువైందంటారు. నిజమే. ఎవరూ చదవని రిజిస్టర్లు బోలెడు నింపుతున్నారు, వాటిలో కొన్నిటిని తీసేస్తే నేను మొదట సంతోషిస్తాను. ఈ ఒక్క వరుస వాటిలాంటిది కాదు. దాన్ని నింపడానికి బిడ్డ ముఖంలోకి చూడాలి.

వేసవి సెలవులు దగ్గరపడే ముందే ఆదేశాలు వెళ్తే మంచిది. పిల్లలు చెట్లెక్కేదీ, సైకిళ్లు నేర్చుకునేదీ అప్పుడే. రెండు రాష్ట్రాల చీటీలూ ఒకే రకంగా ఉంటే ఇంకా మంచిది, సరిహద్దు ఊళ్ల పిల్లలు అటూ ఇటూ రెండు పక్కల ఆసుపత్రులకూ వెళ్తుంటారు. చీటీలో ఏ మాటలు ఉండాలో, పరీక్ష ఎలా చేయాలో డాక్టర్లకూ నర్సులకూ నేర్పడానికి మా వృత్తిలోని వాళ్లం పైసా తీసుకోకుండా జిల్లాజిల్లాకూ వస్తాం. మీరు పిలవండి. ఆ ఒక్క వరుస అచ్చు వేయించండి.

భవదీయుడు,
దవడ, ముఖ శస్త్రచికిత్స వైద్యుడు